అనుకోని మచ్చయు శరణుని నడవడియు

దేహమును గూర్చి శరణులు రెండు విధములుగా బోధించిరి. ఇది నిలుచునది కాదు, దీనిపై మమకారము పెంచుకొనరాదు అనునది యొకటి. ఇదియే దేవాలయము, లింగమునకు ఇదియే నెలవు, దీనిని శుచిగను దృఢముగను ఉంచుకొనవలెను అనునది రెండవది. మొదటి బోధను మాత్రమే పట్టుకొన్నవాడు రోగము వచ్చినపుడు వైద్యుని కడకు పోక అంతయు శివేచ్ఛ యని కూర్చుండును. రెండవదానిని మాత్రమే పట్టుకొన్నవాడు చిన్న నలతకే కంపించి, కూడబెట్టినదంతయు పరీక్షలకు ధారపోయును. బసవేశ్వరుని మార్గమున ఈ రెండును ఒకే బండికి రెండు చక్రములు. ఆరోగ్యముగ నున్న దినములలో ఈ మాట ఎవరికైనను సులువుగ తలకెక్కును. వ్యాధి యున్నదో లేదో తెలియని దినములలోనే అది కష్టమగును. అట్టి దినములను నేటి గృహస్థులకు తరచుగ తెచ్చిపెట్టుచున్నది స్కానింగు రిపోర్టు.

విజయవాడ నుండి ఏలూరు పోవు జాతీయ రహదారిపై, నూజివీడు, గుడివాడ త్రోవలు వచ్చి కలియుచోట హనుమాన్ జంక్షను కలదు. చుట్టుప్రక్కల గ్రామములవారు చిన్న జ్వరములకు అక్కడనే మందు పుచ్చుకొందురు. పెద్ద స్కానింగు అన్నచో విజయవాడకో ఏలూరుకో బస్సు ఎక్కువారే ఎక్కువ. అట్లు పోయివచ్చిన గృహస్థు నొకని ఊహింతము. వయస్సు 52. కిరాణా వ్యాపారము. లింగధారి, ఉదయము ఇష్టలింగపూజ కానిదే కాఫీ ముట్టడు. ఒక రాత్రి నడుము ప్రక్క నుండి పొత్తికడుపు వరకు పొడిచినట్లు నొప్పి వచ్చినది. వైద్యుడు మూత్రనాళమున రాయి యుండునని అనుమానించి పొట్టకు సి.టి. స్కానింగు వ్రాసెను. రాయి యుండనే యున్నది. 4 మిల్లీమీటర్లది; మందులతోను మంచినీటితోను వారము లోపల పడిపోయినది. అంతటితో కథ ముగియవలసినది. అయితే పొట్టకు తీసిన స్కానింగులో ఊపిరితిత్తుల అడుగుభాగము కూడ కొంత పడును. రిపోర్టు చివర ఒక పంక్తి యున్నది. కుడి ఊపిరితిత్తి క్రింది భాగమున 4 మిల్లీమీటర్ల గడ్డ కనబడుచున్నదనియు, రోగి పరిస్థితితో పోల్చి చూడవలెననియు దాని సారాంశము.

రాయియు 4 మిల్లీమీటర్లే, గడ్డయు 4 మిల్లీమీటర్లే. ప్రాణము పోవునంత నొప్పి పెట్టిన రాయిని ఆయన మరచెను. ఏ నొప్పియు పెట్టని గడ్డను మరువలేకపోయెను. రేడియాలజిస్టునకు ఆ మాట చుట్టునున్న భాగము కన్న తెల్లగ కనబడు ఒక చుక్కకు పేరు. తెలుగు ఇండ్లలో గడ్డ యన్నచో వేరే అర్థము. ఆయన ఫోనులో వెదకెను. భార్యకు చెప్పలేదు. కుమార్తె సంబంధమునకు వచ్చెదమన్నవారిని ఏదో నెపముతో వచ్చే నెలకు రమ్మనెను. పది సంవత్సరముల క్రిందట మానివేసిన చుట్టలను ఎన్ని కాల్చితినా యని లెక్కించుకొనెను. తెల్లవారి లింగమును కరపీఠమున నుంచుకొని కూర్చున్నను, చూపు లింగముపై నిలువక లోన ఆడుచున్న ఊపిరిపై నిలిచెను. రెండవ వారమున ఒకరికి తెలియకుండ ఒకరిగ ఇద్దరు వైద్యులకును, పిదప జాతకము చూచు ఒకనికిని ఆ కాగితము చూపెను.

ఈ చివరి పనిని గూర్చి లింగధారులు కొంచెము ఆగి ఆలోచింపవలసియున్నది. శకునములను, దుర్ముహూర్తములను, గ్రహబలమును నమ్ముకొని బ్రతుకుటను 12వ శతాబ్దమున బసవేశ్వరుడు గట్టిగ ఖండించెను. లింగమును ధరించినవానికి దినములలో చెడ్డది లేదని ఆయన బోధ. జాతకము చూపుకొనుట ఈ బోధకు విరుద్ధమని అందరును ఎరుగుదురు. రిపోర్టునే జాతకమువలె చదువుట కూడ అట్టిదే యని మాత్రము తోచదు. బల్లి పడుట, పిల్లి ఎదురగుట రాబోవు కీడునకు గుర్తులని నమ్మినవాడు ఏమి చేయును? గుర్తును చూచి, నిజమేమో విచారింపక, కీడును ముందే అనుభవించును. ఒక తెల్లని చుక్కను చూచి తన మరణదినమును లెక్కించుకొనువాడును అదే చేయుచున్నాడు. ఆ చుక్క ఒక ప్రశ్న. దానికి ఉత్తరము వెదకు పద్ధతి కలదు.

ఇన్ని ప్రశ్నలు ఎందుకు పుట్టుచున్నవో తెలిసికొన్నచో భయము కొంత తగ్గును. 1895లో జర్మనీ దేశమున రాంట్‌జన్ ఎక్స్-కిరణములను కనుగొనెను. 1971లో లండనులో తొలిసారిగ ఒక రోగికి సి.టి. స్కానింగు చేసిరి, ఆ యంత్రమును నిర్మించిన హౌన్స్‌ఫీల్డునకును, దానికి గణితము కూర్చిన కార్మాకునకును 1979లో నోబెల్ బహుమతి లభించెను. అంతకు పూర్వము దేహము లోపల ఏమున్నదో బ్రతికియుండగ ఇంత స్పష్టముగ చూచినవారు చాలవరకు శస్త్రవైద్యులే. యంత్రము వచ్చిన పిదప వైద్యులకు ఒక విచిత్రము ఎదురైనది. దేనికొఱకో చూడగ మరియొకటి కనబడుట సాగినది. మూత్రపిండములపై టోపీవలె కూర్చుండు అడ్రినల్ గ్రంథులలో ఇట్లు అనుకోక బయటపడు గడ్డలకు 1982లో అమెరికా వైద్యులు ‘ఇన్సిడెంటలోమా’ యని పేరే పెట్టిరి. వెదకనిది దొరికినదని ఆ పేరులోని భావము.

ఆరోగ్యవంతులను స్కానింగు చేసి చూచిన పరిశోధనలు ఇంకను ఆశ్చర్యము కలిగించును. 1994లో ప్రకటితమైన ఒక పరిశోధనలో నడుము నొప్పి లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీసిరి. వారిలో 100కి 64 మందికి వెన్నుపూసల నడిమి బిళ్లలలో ఎక్కడనో ఒకచోట లోపము కనబడెను. అనగా నొప్పి లేని నడుములలోను బిళ్లలు సరిగ నున్నవి తక్కువ. హాలెండు దేశమున రాటర్‌డామ్ నగరమున సుమారు 63 ఏండ్ల సగటు వయస్సు గల 2000 మందికి మెదడు స్కానింగు చేయగ, 100కి 7 మందికి తమకే తెలియకుండ ఎన్నడో రక్తము అందక ఎండిన చిన్న మచ్చలును, ఇంచుమించు 2 మందికి రక్తనాళపు ఉబ్బులును కనబడినట్లు 2007లో వెల్లడియైనది. వారందరును తమ కాళ్లపై నడచి వచ్చినవారే. ఏబది దాటినవారి మూత్రపిండములలో నీటి తిత్తులు, కాలేయమున రక్తనాళపు చిన్న గడ్డలు, పిత్తాశయమున కదలని రాళ్లు సర్వసాధారణములు. ఇక ఊపిరితిత్తుల సంగతి. క్షయ ఎక్కువగ నున్న మన దేశమున, ఎన్నడో తాకి దేహమే మాన్పుకొన్న క్షయ యొక్క గుర్తు చిన్న చుక్కగ మిగిలియుండుట తరచు చూచునదే. తల నెరసినట్లే లోపలి అవయవములకును ఏండ్లు గడచిన గుర్తులుండును. తల నెరసినందుకు ఎవరును రాత్రులు మేలుకొనరు. అది అద్దములో దినదినము కనబడుచునే యున్నది కనుక.

అయినను భయము అంకెలతో పోవునది కాదు. భయపడువానిని చూచి "నీకు భక్తి చాలదు" అను పెద్దలు కొందరు కలరు. వారు పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి కథను మరల చదువుకొనవలెను. శివునికి తల్లి లేదే యని జాలిపడి, ఆ మహాభక్తురాలు తానే తల్లియై పసిబాలునికి వలె శివునికి ఉపచారములు చేయుచుండును. ఆమె మనస్సును చూడగోరి శివుడు గొంతున వ్యాధి వచ్చినట్లు నటించును. బాలుడు పాలు ముట్టడు. తల్లి తల్లడిల్లును, ఏడ్చును, తుదకు తన ప్రాణమునే విడువబోవును. అప్పుడు శివుడు ప్రత్యక్షమై వారించును. ఈ కథను వాత్సల్యభక్తికి ఉదాహరణముగ చెప్పుట వాడుక. ప్రస్తుత విషయమునకు ఇందు మరి రెండు సంగతులు కలవు. వ్యాధి నటన, వేదన నిజము. లేని రోగమునకు పడిన దుఃఖము ఉన్న రోగమునకు పడు దుఃఖము కన్న ఏమియు తక్కువ కాదు. రెండవది, శివుడు ఆమె భయమును నిందింపలేదు. భయము ఆమె చేత చేయింపబోయిన పనిని మాత్రము ఆపెను. మన ఇండ్లలోను మఠములలోను ఈ వివేకము ఉండదగును. భయపడినవానిని మందలింపక, భయముతో వాడు చేయబోవు పనులపై కన్ను వేసియుంచుట చాలును. ఆ కిరాణా వ్యాపారి విషయమున అట్టి పనులు ఏవి? కుమార్తె సంబంధమును వెనుకకు నెట్టుట, భార్యకు దాచుట, జాతకమునకు పోవుట. నాల్గవది కూడ ఆయన మనస్సున మెదలుచుండెను. తల నుండి పాదముల వరకు అన్ని స్కానింగులును ఒకేసారి చేయించుకొని, ఇక ఏమియు లేదని అనిపించుకొనుట.

అది ధైర్యమువలె కనబడును గాని, ఇక్కడ ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల ఉదంతము తలంపునకు రావలెను. కల్యాణమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలు ఏరుకొనివచ్చి దాసోహము నడుపుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన అలవాటునకు మించి బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి, ఇది మనకు అక్కఱలేనిది, ఆశతో తెచ్చినది యని చెప్పి తిరిగి ఇచ్చి రమ్మనెను. ఎక్కువ తెచ్చుటలో దొంగతనము లేదు. అయినను అక్కఱకు మించినది కాయకమును చెఱచునని ఆమె తీర్పు. పరీక్షల విషయమున ఈ తీర్పు ఎంత సరియైనదో కొరియా దేశమున జరిగినది చూచిన తెలియును. దక్షిణ కొరియాలో 1999 నుండి ప్రభుత్వము క్యాన్సరు పరీక్షల పథకమును నడుపగ, చాల ఆస్పత్రులు తక్కువ వెలకు మెడ అల్ట్రాసౌండును కూడ జోడించి చేయసాగెను. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సరు ఉన్నదని తేలినవారి సంఖ్య 1993లో ఉన్నదానికి 15 రెట్లు పెరిగెను. ఆ క్యాన్సరుతో మరణించువారి సంఖ్య మాత్రము మారలేదు. ఎన్నడును హాని చేయని చిన్న గడ్డలను వెదకి పట్టుకొనిరి. గ్రంథిని తీయించుకొన్నవారిలో చాలమంది బ్రతుకంతయు మాత్రలు మ్రింగవలసివచ్చెను. కొందరికి కంఠస్వరము దెబ్బతినెను. 2014లో ఈ సంగతులు ప్రకటితమైన పిదప అట్టి శస్త్రచికిత్సలు అక్కడ త్వరలోనే తగ్గెను. అక్కఱకు మించిన బియ్యమును తిరిగి ఇచ్చివేయవచ్చును. అక్కఱకు మించిన శస్త్రచికిత్సను తిరిగి ఇచ్చుటకు వీలులేదు. అదిగాక పొట్టకు తీయు ఒక సి.టి. వలన దేహమునకు తగులు కిరణముల మోతాదు ఛాతీ ఎక్స్-రేలు ఇంచుమించు నూరు తీసినదానికి సాటి. వ్యాధిని తేల్చుటకు అవసరమైనపుడు అది భరింపదగినదే. మనశ్శాంతికొఱకు కొనదగిన సరుకు కాదు.

ఇట్లన్నందున కాగితమును మడిచి దేవుని మూలన పెట్టవచ్చునని ఎవరును తలంపరాదు. అనుకోక కనబడినది ప్రాణము కాపాడిన సందర్భములు కలవు. పాశ్చాత్య దేశములలో నేడు మూత్రపిండపు క్యాన్సర్లలో సగమునకు పైగా వేరొక కారణముచే తీసిన స్కానింగులలోనే బయటపడుచున్నవి. చిన్నదిగ నున్నపుడే దొరకుటచే చాలమందికి నయమగుచున్నది. అధికముగ పొగ త్రాగినవారు 53 వేలమందిపై అమెరికాలో జరిపి 2011లో ప్రకటించిన పరిశోధన ఇంకను తూచి చూడదగినది. వారిలో సి.టి. తీయించుకొన్న వర్గమున ఊపిరితిత్తుల క్యాన్సరు మరణములు 100కి 20 వంతున తగ్గెను. అదే పరిశోధనలో అనుమానముగ కనబడిన మచ్చలలో 100కి 96 క్యాన్సరు కానివి. ఒకే కాగితమున రెండు నిజములును ఉన్నవి. నూటికి 96 అని నిర్లక్ష్యము చేయుటకును, మిగిలిన 4 అని క్రుంగిపోవుటకును వీలు లేదు.

మరి ఉత్తరము వెదకు పద్ధతి ఏది? కాయకమన్న మాట ఇక్కడ పనికివచ్చును. చేయవలసిన పనిని చేయవలసిన దినమున చేయుట, తక్కిన దినములను వేరు పనులకు విడిచిపెట్టుట. శరణులలో వైద్య సంగణ్ణ అను వైద్యుడును ఉండెను. వైద్యము ఒక కాయకమైనట్లే, వైద్యుడు చెప్పిన తేదీకి పోవుట రోగి కాయకము. ఊపిరితిత్తులలో ఇట్లు కనబడు గడ్డల విషయమున వైద్యులు గాలిలో మాటాడుట లేదు. ఫ్లైష్నర్ సొసైటీ యను వైద్యసంఘము 2017లో సవరించి ప్రకటించిన నియమములు పెక్కు దేశములలో అనుసరింపబడుచున్నవి. అంతకుముందు క్యాన్సరు లేనివారికి, దేహరక్షణశక్తి తగ్గనివారికి, 35 ఏండ్లు నిండినవారికి అవి వర్తించును. గట్టిగడ్డ ఒక్కటియే యుండి 6 మిల్లీమీటర్లకు లోపుగ నున్నచో, పొగ త్రాగుట వంటి కారణములు లేనివారికి మరల స్కానింగు అక్కఱలేదు. అట్టి కారణములున్నవారికి 12 నెలల పిమ్మట ఒకసారి చూడవచ్చును. 6 మొదలు 8 మిల్లీమీటర్లున్నచో 6 నుండి 12 నెలలలో చూడవలెను. అంతకు పెద్దదైనచో మూడు నెలలలోనే చూచుటయో, ఇతర పరీక్షలు చేయుటయో అవసరము. ఈ గడువు వైద్యుని బద్ధకము కాదు. కాలమే ఇక్కడ పరీక్ష. హానికరమైనది పెరుగును, పాత మచ్చ పెరుగదు. రెండు సంవత్సరములు పెరుగక నిలిచిన గట్టిగడ్డను సాధారణముగ హాని లేనిదానిగనే ఎంచెదరు.

కాలము గడువనక్కఱ లేకయే ఉత్తరము దొరకు మార్గము కూడ ఒకటి కలదు. ఆ వ్యాపారి కథను అంతవరకు ఊహింతము. ఆయన నిద్ర పట్టక తిరుగుచుండుట చూచి భార్య కాగితము నడిగి తీసికొనెను. ఆమెయు లింగధారిణి. కాగితమును కడవరకు చదివి ఆమె అన్న మాట ఇది. "ఏమండీ, కోవిడ్ వచ్చినప్పుడు మీకు ఛాతీకి స్కానింగు తీశారు గదా. ఆ పెద్ద కవరు అటక మీదే ఉంది. అది కూడా డాక్టరుగారికి చూపించారా?" చూపలేదు. చూపవలెనని ఆయనకు తోచలేదు. 2021 వేసవిలో రెండవ విజృంభణ నాడు ఛాతీకి సి.టి. తీయించుకొన్నవారు ఈ జిల్లాలలో చాలమంది. ఆ ఫిల్ములు అటకలమీదను, పెట్టెల అడుగునను పడియున్నవి. వైద్యుడు పాతదానిని క్రొత్తదానిని దీపపు పలకపై ప్రక్కప్రక్కన నుంచి చూచును. అదేచోట అదే చుక్క 2021లోనే యున్నదని తేలినచో, ఆనాటి రిపోర్టు వ్రాసినవారు జ్వరపు హడావిడిలో దానిని ఎత్తి చెప్పకపోయినను, ప్రశ్న తీరినట్లే. ఇట్లు తేలుట తప్పదని చెప్పుటకు వీలులేదు. పాత ఫిల్ములో లేనిది క్రొత్తగ కనబడిన, వైద్యుడు దానికి తగినట్లు ముందునకు సాగును. ఎటైనను, దాచిన భర్త కన్న అడిగిన భార్య వలననే పని జరిగినది. దాసోహమనగ అన్నము పెట్టుటయే కాదు, భారమును పంచుకొనుటయును దాసోహమే యని మఠములలో చెప్పుచుందురు. భారమును పంచనివాడు ఇంటివారికి ఆ దాసోహమును చేయు అవకాశమే ఈయకున్నాడు.

వైద్యుని కడ అడుగవలసినవి ముందుగ వ్రాసికొనిపోవుట మేలు. ఎదుట కూర్చున్నపుడు నోరు పెగలదు. ఇది హాని లేనిదని ఇప్పుడే చెప్పగలరా, చెప్పలేనిచో ఏ తేదీకి తేలును, అంతలోపల ఏ లక్షణము కనబడిన వెంటనే రావలెను, తదుపరి పరీక్ష వలన చికిత్సలో ఏమి మారును. ఈ చివరి ప్రశ్నకు "ఏమియు మారదు" అని ఉత్తరము వచ్చినచో ఆ పరీక్ష లక్కమ్మ తిరిగి పంపిన బియ్యము వంటిది. ఖర్చునకు వెనుకాడువారు విజయవాడ ప్రభుత్వ సర్వజన వైద్యశాల వంటి చోట్ల రిపోర్టును ఫిల్మును కలిపి చూపుకొనవచ్చును. రిపోర్టు కాగితము మాత్రమే తీసికొనిపోవువారు పెక్కుమంది. ఫిల్ము గాని, దాని సి.డి. గాని లేకున్న పోల్చుట జరుగదు. ప్రతి ఇంట వ్యక్తికొక సంచి పెట్టి, తేదీ వ్రాసి, పాతవానిని పారవేయక యుంచవలెను.

లింగధారులకు మాత్రమే ఎదురగు ఒక చిక్కును గూర్చి కొన్ని ఇండ్లవారు మఠములలో విచారించుచున్నారు. ఎం.ఆర్.ఐ. యంత్రము బలమైన అయస్కాంతము. ఆ గదిలోనికి ఏ లోహమును పోనీయరు. కావున వెండి లింగకాయను తీసివేయుమందురు. సి.టి.లో లింగకాయ తీయుచోట అడ్డు వచ్చినచో చిత్రమున గీతలు పడి, లేని మచ్చ ఉన్నట్లును, ఉన్నది లేనట్లును తోచవచ్చును. దేహము నుండి లింగమును వేరుచేయరాదను నియమము గల భక్తునికి ఇది చిన్న సంకటము కాదు. కొందరు ఈ కారణమునకే అవసరమైన పరీక్షను కూడ మానుకొనుచున్నారు. లింగకాయను ఇంటివారి చేతికిచ్చి, లోపలి ఇష్టలింగమును లోహము తగులని శుభ్రమైన వస్త్రమున చుట్టి దేహముపై ఉంచుకొనవచ్చునా యని అడుగవచ్చును. అనుమతింతురా లేదా అనునది యంత్రము నడుపువారి నిర్ణయము, దానికి ఎదురాడరాదు. వారు వలదన్నచో ఆ కొద్దిసేపు మరియొక లింగధారి చేతిలో ఉంచుటను గూర్చియు, పిదప చేయవలసినదానిని గూర్చియు తమ గురువును అడిగి తెలిసికొనవలెను. ఈ సంగతిని స్కానింగు గదిలో పడుకొన్న పిదప కాక, తేదీ తీసికొనునాడే అక్కడివారితో చెప్పుట మంచిది.